టేబుల్ సా, మైటర్ సా కలిపి ఉన్న మెషిన్ కొన్నా, గార్డు లేదు, వెనక రేకు లేదు, ఇలాగే వాడొచ్చా?

నేరేడ్‌మెట్_షెడ్డు
శనివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. నేను వీకెండ్‌లో చెక్కపని చేస్తుంటా, ఇప్పటిదాకా చేతి రంపం, జిగ్‌సా, ఒక చిన్న సర్క్యులర్ సా, అంతే. మొన్న తెలిసినవాళ్ళు వర్క్‌షాప్ మూసేస్తుంటే వాళ్ళ దగ్గర కాంబినేషన్ సా ఒకటి తీసుకున్నా. కింద మైటర్ సా (బ్లేడుని పైనుంచి దించి చెక్కని అడ్డంగా, కోణంలో కోసేది), దాని నెత్తి మీదే చిన్న టేబుల్, బ్లేడు మాత్రం ఒక్కటే, మోటారు, బ్లేడు ఉన్న తలని కిందికి దించి పిన్నుతో లాక్ చేస్తే పైన టేబుల్ సా (బల్ల మీద చెక్కని బ్లేడు వైపు నెట్టి కోసేది) అయిపోతుంది. 260 ఎంఎం బ్లేడు, 1650 వాట్లు, ప్లేటు మీద 4800 ఆర్‌పీఎం అని ఉంది. మా షెడ్డులో జాగా తక్కువ, రెండు మెషిన్లు పట్టవు, అందుకే ఇది చూడగానే ఆశపడ్డా.

ఇంటికి తెచ్చాక చూస్తే పైన బ్లేడుని కప్పే గార్డు లేదు, బ్లేడు వెనకాల నిలబడే రేకు లేదు, కింద తొడిగే కవరు కూడా లేదు. ఫోన్ చేసి అడిగితే "అవన్నీ అడ్డం సార్, మేము మొదటి వారంలోనే పీకేశాం, ఏళ్ళ తరబడి అలాగే వాడాం, ఏమీ కాలేదు" అన్నారు. మా తాతగారి ఇంటి టేకు తలుపులు రెండు ఉన్నాయి, వాటిని చీల్చి పుస్తకాల అల్మరా చేద్దామని. వాడటం మొదలుపెట్టచ్చా, ఆగాలా? నాకు నిజంగా భయంగా ఉంది, అందుకే ఇంకా ప్లగ్గు కూడా పెట్టలేదు.

బోయిగూడ_టింబర్
శనివారం రాత్రి 10:40

తమ్మీ ప్లగ్గు పెట్టకు. ఇది ముందు చెప్తున్న, మిగిలింది రేపు పొద్దున రాస్త, ఇప్పుడే డిపో బంద్ చేసి ఇంటికొచ్చిన.

సైటు_కార్పెంటర్_మియాపూర్
శనివారం రాత్రి 11:05

అన్నా నేను సైట్ల మీద పదిహేనేండ్ల సంది పని చేస్తున్న, మియాపూర్, కూకట్‌పల్లి, నల్లగండ్ల అన్ని దిక్కుల. నిజం చెప్పాలంటే ఏ సైట్ల కూడా గార్డు పెట్టి చేసేటోన్ని నేను చూడలే. మాకు అడుగుల లెక్కన పైసలు, గార్డు ఉంటే గీత కనవడదు, సన్న పట్టీలు తియ్యరాదు, ఊకె తీసుడు పెట్టుడు ఉంటే పని ఎప్పుడు అయితది. చెయ్యి జాగ్రత్త ఉంటే చాలు, ధ్యానం అంతా బ్లేడు మీదనే ఉండాలె. నేను తప్పు చెప్తున్న అని కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్తున్న.

మూలమట్టం
ఆదివారం ఉదయం 6:30

నేను ఐటీఐలో చాలా ఏళ్ళు వుడ్‌వర్క్ చెప్పి రిటైరయ్యాను, ఇప్పుడు ఇంటి దగ్గర చిన్న చిన్న పనులు చేసుకుంటాను. మియాపూర్ తమ్ముడు చెప్పినదాన్ని కొట్టిపారేయను, అడుగుల లెక్కన డబ్బులిచ్చే చోట గార్డు నిలవదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ "చెయ్యి జాగ్రత్త" అన్న మాట దగ్గర ఆగాలి, ఎందుకంటే టేబుల్ సా మీద చాలాసార్లు చెయ్యి బ్లేడు దగ్గరికి పోదు, చెక్క చెయ్యిని అక్కడికి లాక్కుపోతుంది.

ఎలాగంటే చూడండి. బ్లేడు తిరిగేటప్పుడు పైభాగం మన వైపు వస్తుంది, మన ముందున్న పళ్ళు కిందికి దిగుతాయి, కాబట్టి చెక్కని టేబుల్‌కి అదిమిపెడతాయి, అక్కడ ప్రమాదం తక్కువ. వెనక వైపు పళ్ళు మాత్రం పైకి లేస్తాయి. కోసిన చెక్క వెనకాల ఏ మాత్రం దగ్గరికి మూసుకున్నా, లేదా ఫెన్సు (చెక్కని ఆనించి నెట్టే గైడు పట్టీ) బ్లేడుకి సమాంతరంగా లేక చెక్క కొంచెం వంకరగా పోయినా, ఆ లేచే పళ్ళు దాన్ని పట్టుకుని పైకెత్తి మన వైపు విసురుతాయి. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. మీ బ్లేడు 260 ఎంఎం, అంటే చుట్టుకొలత దాదాపు 817 ఎంఎం, నిమిషానికి 4800 తిప్పులు, లెక్క కడితే పంటి కొస సెకనుకి 65 మీటర్లు, గంటకి దాదాపు 235 కిలోమీటర్లు. మన ఓఆర్ఆర్ మీద పెట్టిన 120 లిమిట్‌కి దాదాపు రెట్టింపు. ఆ వేగంతో చెక్క ఎగిరితే చెయ్యి వెనక్కి తీసుకునే టైమ్ మనిషికి ఉండదు, పైగా చెక్క వెనక్కి పోయినప్పుడు దాన్ని నెడుతున్న చెయ్యి ఆసరా లేక ముందుకి, బ్లేడు మీదకి పడుతుంది. వేళ్ళు చాలావరకు అలా పోయినవే.

ఆ వెనక రేకు చేసే పని ఏమిటంటే, కోసిన సందులో నిలబడి చెక్క మూసుకోకుండా, లేచే పళ్ళ మీదకి జరగకుండా ఆపుతుంది. అది అడ్డం కాదు, ఆ మెషిన్‌లో బ్లేడు తర్వాత అంత ముఖ్యమైనది అదే. మైటర్ సాలో దాని అవసరం లేదు, ఎందుకంటే అక్కడ చెక్క కదలదు, బ్లేడే కదులుతుంది.

బోయిగూడ_టింబర్
ఆదివారం ఉదయం 8:15

సార్ చెప్పింది అక్షరం పొల్లు పోకుండ నిజం. నాకు అయినదే చెప్తున్న.

2009ల దసరా ముందు రోజులు, ఆర్డర్లు మస్తుగున్నయి, వానలు ఇంకా పోలే, చెక్క లోపల తడి ఉన్నది. టేకు రీపర్లు చీరుతున్న, అంగుళం వెడల్పువి, మా దగ్గర పెద్ద టేబుల్ రంపం అప్పుడు, వెనక రేకు మా నాయిన కాలంల్నే పోయింది, ఎవ్వరం పట్టించుకోలే. నెట్టే కట్టె గోడకు వేలాడుతున్నది, తీస్కునే ఓపిక లేదు, ఇంకొక్కటే గదా అనుకున్న. తడి చెక్క కోసినకొద్ది లోపల బిగువు విడిచి మూస్కపోతది, గది తెలుసు నాకు, తెలిసి గూడ చేసిన. ఒక్క చప్పుడు, రీపరు నా నడుముకు తగిలి వెనక గోడకు కొట్టుకున్నది, నేను ఎడమ చెయ్యి చూస్కుంటే చూపుడు వేలు కొస లేదు. నొప్పి అప్పుడు లేదు, తర్వాత వచ్చింది.

దవాఖానకు పోయేటప్పుడు మా తమ్ముడు వేలు ముక్క ఐసు గడ్డల మధ్యల పెట్టి తెచ్చిండు, మంచికే అనుకున్నడు పాపం. డాక్టరు చూసి నేరుగా ఐసుల పెడితే గడ్డకట్టి పాడైతది, అతకరాదు అన్నడు. ఇప్పటికీ షర్టు గుండీ పెట్టుకునేటప్పుడు ఆ వేలు యాదికొస్తది. అందుకే తమ్మీ నిన్న రాత్రి అట్ల రాసిన, కోపం కాదు.

టేకుపట్టీ
ఆదివారం ఉదయం 9:02

అన్నా చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. చెప్పినందుకు థాంక్స్, ఇలాంటివి ఎవరూ బయటికి చెప్పరు.

నేను నాలుగేళ్ళుగా ఇలాంటి కాంబినేషన్ సానే వాడుతున్నా, 305 ఎంఎంది, సైనిక్‌పురిలో మా ఇంటి కారు షెడ్డులో. ఆ అనుభవంతో ఒక సంగతి చెప్తా. ఈ మెషిన్‌లో కోసేటప్పుడు కంటే ఒక పని నుంచి ఇంకో పనికి మార్చేటప్పుడే మనం ఎక్కువ తప్పులు చేస్తాం. విడి టేబుల్ సాకి ఒకే పద్ధతి, విడి మైటర్ సాకి ఒకే పద్ధతి. దీనికి బ్లేడు ఒకటే కాబట్టి ఒక వైపు పని చేస్తుంటే రెండో వైపు కూడా అదే వేగంతో తిరుగుతూ ఉంటుంది, మన కళ్ళు అటు ఉండవు. మైటర్‌గా వాడేటప్పుడు పైన టేబుల్‌ని పూర్తిగా పైకి లేపి పళ్ళు కనపడకుండా చేయాలి, లేకపోతే హ్యాండిల్ కిందికి లాగేటప్పుడు ఎడమ చెయ్యి అలవాటుగా ఆ టేబుల్ మీద ఆనుకుంటే అంతే సంగతులు. టేబుల్‌గా వాడేటప్పుడు కింద వైపు బ్లేడు బయటికి ఉంటుంది, కింద పడ్డ ముక్క తీద్దామని వంగి చెయ్యి పెడతాం, ఆ కింద కవరు దానికోసమే ఇస్తారు. నీ దగ్గర ఆ కవరు లేదన్నావు కదా, నాకు దాని గురించే ఎక్కువ దిగులుగా ఉంది, ఎందుకంటే వెనక రేకు గురించి అందరూ చెప్తారు, ఇది ఎవరూ చెప్పరు.

నేరేడ్‌మెట్_షెడ్డు
ఆదివారం ఉదయం 10:30

అందరికీ చాలా థాంక్స్. బోయిగూడ అన్నా, మీరు రాసింది మా ఆవిడకి కూడా చదివి వినిపించా. మెషిన్ మీద గోనెసంచి కప్పేసి పెట్టా, ఆ మూడు భాగాలు దొరికేదాకా ముట్టుకోను.

ఒక డౌట్ సార్. వెనక రేకు నేనే జీఐ షీటుతో కోసి చేసుకోవచ్చా? ఇంకోటి, బ్లేడు ఒకటే కదా, మైటర్‌కి టేబుల్‌కి తిరిగే దిక్కు వేరుగా ఉండక్కర్లేదా, తిప్పి బిగించాలా? అక్కా, నువ్వు ఒక మోడ్ నుంచి ఇంకో మోడ్‌కి ఎలా మారుస్తావో వరసగా చెప్తావా.

మూలమట్టం
ఆదివారం ఉదయం 11:10

బ్లేడు తిప్పాల్సిన పని లేదు, ఈ మెషిన్ డిజైన్‌లో తెలివంతా అక్కడే ఉంది. మైటర్‌గా ఉన్నప్పుడు బ్లేడు కింది భాగం మన నుంచి అవతలికి, ఫెన్సు వైపు పోతుంది, చెక్కని ఫెన్సుకి నొక్కుతుంది. అదే చక్రం పైభాగం సహజంగానే మన వైపు వస్తుంది, టేబుల్ సాకి కావలసింది అదే. బ్లేడు మీద బాణం గుర్తు, మెషిన్ కవరు మీద బాణం గుర్తు ఒకే దిక్కులో ఉంటే చాలు. బ్లేడు మార్చేటప్పుడు ఇంకోటి చూసుకోండి, ఇలాంటి మెషిన్లలో చాలావాటికి బోల్టు ఎడమ మర, అంటే గడియారం ముల్లు తిరిగే దిక్కులో తిప్పితే వదులవుతుంది. తెలియక మామూలు బోల్టు అనుకుని బిగించి బిగించి పాడుచేసినవాళ్ళని చూశాను.

రేకు మాత్రం ఇంట్లో చేయకండి. దాని మందం బ్లేడు ప్లేటు కంటే ఎక్కువ, పళ్ళు కోసే సందు కంటే తక్కువ ఉండాలి. ఉదాహరణకి ప్లేటు 1.8 ఎంఎం, కోత 2.6 అనుకుంటే రేకు 2.2 దగ్గర ఉండాలి. ప్లేటు కంటే పలచగా ఉంటే చెక్క మూసుకోవడాన్ని ఆపదు, కోత కంటే మందంగా ఉంటే చెక్క దానికే ఇరుక్కుపోయి మీరు బలంగా నెడతారు, అది ఇంకో ప్రమాదం. జీఐ షీటు వంగిపోతుంది కూడా. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మోడల్ నంబర్ చెప్పి ఒరిజినల్ పార్టు తెప్పించుకోండి, బిగించేటప్పుడు పళ్ళకీ రేకుకీ మధ్య సందు 4, 5 ఎంఎం దాటకుండా, బ్లేడు ఎత్తు కంటే 2, 3 ఎంఎం కిందకి ఉండేలా చూసుకోండి. మీ మాన్యువల్‌లో వేరే కొలత రాసి ఉంటే అదే పాటించండి. రేపు కొత్త బ్లేడు కొంటే ఈ మందాలు మళ్ళీ కొలుచుకోవాలి, సన్న కోత బ్లేడు వేసి పాత రేకు ఉంచేస్తే కుదరదు. బ్లేడు మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం కూడా మెషిన్ ఆర్‌పీఎం కంటే ఎక్కువ ఉండాలి.

ఈ సందర్భంలో ఒక మాట, విషయం పక్కకి పోతోందని తెలిసినా చెప్పకుండా ఉండలేను. మన దగ్గర నాలుగంగుళాల గ్రైండరుకి చెక్క బ్లేడు వేసి వాడటం చాలా చోట్ల చూస్తున్నాను. గ్రైండరు 11000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది, దానికి గార్డు తీసేస్తే గానీ ఆ బ్లేడు పట్టదు, చేతిలో నుంచి తన్నితే మెడకో తొడకో తగులుతుంది. దయచేసి ఎవరూ చేయకండి.

సైటు_కార్పెంటర్_మియాపూర్
ఆదివారం మధ్యాహ్నం 1:20

సార్ గ్రైండరు ముచ్చట కరెక్టే, మా సైట్ల ఒక పిలగానికి తొడకు అయింది పోయిన ఎండాకాలం, కుట్లు పడ్డయి. నేను అది బంద్ చేసిన.

కానీ గార్డు సంగతి ఒకటి అడుగుత, అంగుళం కన్న సన్న పట్టీ తియ్యాలంటె ఫెన్సుకు గార్డుకు మధ్యల నెట్టే కట్టె పట్టదు, అప్పుడు ఏం జెయ్యాలె? నిజంగ అడుగుతున్న, తెల్వకనే.

టేకుపట్టీ
ఆదివారం మధ్యాహ్నం 2:05

మంచి ప్రశ్న అన్నా, నాకూ మొదట్లో ఇదే ఇబ్బంది. సన్న పట్టీ ఫెన్సుకీ బ్లేడుకీ మధ్య రాకుండా, బ్లేడుకి అవతలి వైపు పడేలా కోయాలి. అంటే పెద్ద చెక్క ఫెన్సు వైపు, నీకు కావలసిన పట్టీ బయటి వైపు. ప్రతి కోతకీ ఫెన్సు జరపాలి, అవును టైమ్ పడుతుంది, దానికి ఒక స్టాపర్ బ్లాకు బల్ల అంచుకి క్లాంపు చేసుకుంటే ప్రతిసారీ టేపు పెట్టి కొలవక్కర్లేదు, చెక్క దానికి తగిలేదాకా జరిపి ఫెన్సు బిగించడమే. ఆ బ్లాకు బ్లేడు కంటే ముందే, మన వైపు ఉండాలి, బ్లేడు పక్కన ఉంటే పట్టీ దానికీ బ్లేడుకీ మధ్య ఇరుక్కుంటుంది. పట్టీ బయట పడితే ఇరుక్కోవడానికి ఏమీ ఉండదు, గార్డు కూడా తీయక్కర్లేదు. కొంచెం అలవాటైతే నీ స్పీడు పెద్దగా తగ్గదు, నేను అల్మరా బీడింగ్ అంతా అలాగే తీశా.

ఇక తమ్ముడు అడిగిన మోడ్ మార్చడం. ముందు ప్లగ్గు పీకి, ఆ ప్లగ్గుని మెషిన్ మీదే కంటికి కనపడేలా పెట్టుకుంటా, స్విచ్ ఆఫ్ చేశాం కదా అనుకోను. టేబుల్‌గా మార్చాలంటే కోణం, వాలు రెండూ సున్నాకి తెచ్చి తలని పూర్తిగా దించి పిన్ను లోపలికి నెట్టి, హ్యాండిల్ పట్టుకుని పైకి ఒకసారి గుంజి చూస్తా, పిన్ను సగమే దిగి ఉంటే అప్పుడే తెలిసిపోతుంది. తర్వాత కింద కవరు, తర్వాత పైన టేబుల్ ఎత్తు, చెక్క మందం కంటే పళ్ళు కొంచెమే పైకి వచ్చేలా. తర్వాత రేకు, గార్డు, ఆఖర్న ఫెన్సు, ఫెన్సు బ్లేడు ముందు పంటి దగ్గరా వెనక పంటి దగ్గరా ఒకే దూరం ఉందో లేదో టేపుతో చూస్తా. తిరిగి మైటర్‌కి మార్చేటప్పుడు పైన టేబుల్ మీద ఏమీ ఉండకూడదు, పెన్సిలు కూడా, ఎందుకంటే తల కదిలినప్పుడల్లా అవి జారి కింద బ్లేడు మీద పడతాయి. టేబుల్ లేపి బిగించాక హ్యాండిల్ గట్టిగా పట్టుకునే పిన్ను లాగాలి, లోపల స్ప్రింగు ఉంటుంది, వదిలేస్తే తల ఎగిరి గడ్డానికి తగులుతుంది, నాకు తగిలింది ఒకసారి, వారం రోజులు వాచింది.

రోజుకి పదిసార్లు మార్చే పరిస్థితి తెచ్చుకోకు. చీల్చేవన్నీ ఒక పూట, పొడవు కోసేవన్నీ ఇంకో పూట. నేను కటింగ్ లిస్టు అలాగే రాసుకుంటా.

బాలానగర్_వైరింగ్
ఆదివారం సాయంత్రం 5:45

కరెంటు సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నానండి. 1650 వాట్లు అంటే 230 వోల్టుల మీద ఏడు ఆంపియర్లు పైనే, స్టార్టయ్యేటప్పుడు ఇంకా చాలా ఎక్కువ లాగుతుంది. ఇంట్లో లైటు బోర్డులో ఉండే 6 ఆంప్స్ సాకెట్లో పెట్టకండి, 16 ఆంప్స్ సాకెట్టే కావాలి, ఎర్తు సరిగ్గా ఉందో లేదో టెస్ట్ చేయించుకోండి, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై దానంతటదే ఆపేసేది) తప్పకుండా పెట్టించుకోండి. ఎక్స్‌టెన్షన్ కావాలంటే రెడీమేడ్ సన్న వైరువి కొనకండి, ట్రూప్ బజార్‌లో 2.5 చదరపు ఎంఎం మూడు కోర్ల వైరు తీసుకుని చేయించుకోండి, పొడవు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. వైరు సన్నగా పొడవుగా ఉంటే వోల్టేజీ పడిపోయి మోటారు వేడెక్కుతుంది, బ్లేడు చెక్కలో ఆగిపోతుంది. వైరు నడిచే దారిలో కాకుండా గోడ వెంబడి పోనివ్వండి.

దానికంటే ముఖ్యమైనది, కోస్తుండగా కరెంటు పోతే ఏమవుతుందో చూసుకోండి. ఎండాకాలం ఎలాగూ పోతూనే ఉంటుంది కదా. బ్లేడు ఆగింది కదా అని చెక్క తీయబోతారు, స్విచ్ ఆన్‌లోనే ఉంటుంది, కరెంటు వచ్చేస్తుంది. దీనికోసమే టేబుల్ వైపు ఆకుపచ్చ, ఎరుపు బటన్లున్న స్విచ్ ఇస్తారు, కరెంటు పోతే దానంతటదే పడిపోతుంది, మళ్ళీ ఆకుపచ్చ నొక్కితే గానీ తిరగదు. పాత మెషిన్లలో అది పాడైతే లోకల్‌గా మామూలు టాగిల్ స్విచ్ పెట్టేస్తారు, నేను చాలా చూశాను. చెక్క పెట్టకుండా మెషిన్ ఆన్ చేసి గోడ దగ్గర సాకెట్ స్విచ్ ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేయండి, మెషిన్ తనంతట తాను తిరిగితే ఆ స్విచ్ వెంటనే మార్పించాలి. ఈ టెస్ట్ కూడా గార్డు వచ్చాకే చేయండి.

నేరేడ్‌మెట్_షెడ్డు
ఆదివారం రాత్రి 9:20

ఇది నాకు అస్సలు తట్టలేదు అండి. ఇప్పుడే వెళ్ళి చూశా, స్విచ్ ఒరిజినల్ లాగే ఉంది, కానీ షెడ్డులో ఉన్నది 6 ఆంప్స్ సాకెట్టే. ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తా.

క్యాజువాల్టీ_నైట్_డ్యూటీ
ఆదివారం రాత్రి 11:50

నేను హాస్పిటల్ క్యాజువాల్టీలో నర్స్‌ని. బోయిగూడ అన్న రాసినదాని మీద కొంచెం చెప్పాలనిపించింది. వేలు తెగి విడిపోతే ముందు మనిషిని చూడాలి, ముక్కని కాదు. శుభ్రమైన గుడ్డతో గాయం మీద గట్టిగా నొక్కి పట్టుకుని చెయ్యి గుండె కంటే పైకి ఎత్తి ఉంచాలి, 108కి ఫోన్ చేయాలి. పసుపు, కాఫీ పొడి, సున్నం ఏదీ అద్దకండి, అవన్నీ మేము మళ్ళీ కడగాల్సి వస్తుంది, అప్పుడు నొప్పి రెట్టింపు. ముక్క దొరికితే తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో, గాజు గుడ్డ ఉంటే ఇంకా మంచిది, చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి గాలి పోకుండా ముడి వేసి, ఆ కవర్ని ఐసు కలిపిన నీళ్ళలో ఉంచాలి. ముక్క నేరుగా ఐసుకి గానీ నీటికి గానీ తగలకూడదు. ఆపరేషన్ పడచ్చు కాబట్టి ఆ మనిషికి టీ, నీళ్ళు, ఏదీ తాగించకండి. అన్ని ఆసుపత్రుల్లో అతికించే డాక్టర్లు ఉండరు, ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉన్నచోటికే నేరుగా పోవాలి, సిటీలో ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లో ఉన్నాయి, ప్రైవేటు అయితే ముందు ఫోన్ చేసి అడగండి. తిరిగి తిరిగి టైమ్ పోగొట్టుకుని వచ్చేవాళ్ళని చూస్తే మాకు చాలా బాధగా ఉంటుంది.

షెడ్డులో ఒంటరిగా పని చేయకండి తమ్ముడూ, కనీసం ఇంట్లో ఒకళ్ళకి తెలిసేలా ఉండండి, ఫోన్ జేబులో ఉంచుకోండి.

బోయిగూడ_టింబర్
సోమవారం ఉదయం 7:50

చెల్లె మంచిగ చెప్పినవ్, ఇది ప్రింటు తీసి డిపోల గోడకు అంటిస్త.

తమ్మీ నీ తలుపుల సంగతి. పాత టేకు అంటే మొలలు ఉంటయి, పైన కనవడేటియి కాదు, లోపల విరిగి ఉండిపోయినయి, దాని మీద పుట్టీ, రంగు వేసి ఉంటరు. బ్లేడుకు మొల తగిలితే కార్బైడు పన్ను ఊడి మొహం మీదికే వస్తది. పెద్ద అయస్కాంతం ఒకటి దారం కట్టి తలుపు అంతా జరుపుకుంట పో, ఎక్కడ గుంజితే అక్కడ సుద్దముక్కతోని గుర్తు పెట్టు. కళ్ళద్దాలు తప్పనిసరి, చూపుకు పెట్టుకునే అద్దాలు కావు, పక్కలు మూసి ఉండేటియి, రాణిగంజ్‌ల దొరుకుతయి.

ఇంకోటి చేతి తొడుగులు వెయ్యకు. కాపాడుతయని అనిపిస్తది గని పంటికి దారం తగిలితే చెయ్యి మొత్తం గుంజుకపోతది. రాఖీ కట్టి నెల దాకా విప్పరు గదా మనోళ్ళు, కాశీ దారాలు, కడియాలు, ఉంగరాలు, అన్నీ తీసి డబ్బల పెట్టి పని మొదలువెట్టు. లుంగీ మీద అసలే వద్దు.

తలుపు మొత్తం చెక్కను ఆ చిన్న టేబుల్ మీద ఎక్కియ్యకు, బరువుకు మెషినే బోర్ల పడ్తది. ముందు సర్క్యులర్ సాతోని మూడు నాలుగు ముక్కలు చేస్కో. మెషిన్ కాళ్ళు స్టాండుకు బోల్టులు వేసి బిగియ్యి.

మూలమట్టం
సోమవారం ఉదయం 9:30

దీనికి ఇంకొంచెం కలుపుతాను. వంగిన చెక్కని నేరుగా టేబుల్ సా మీద పెట్టకూడదు, ఒక అంచు రంధా పట్టి తిన్నగా చేశాకే ఆ అంచు ఫెన్సుకి ఆనించాలి. పాత తలుపు చెక్క దశాబ్దాలు బిగుతుగా ఉండి చీల్చగానే వంకర తిరుగుతుంది, కాబట్టి మీకు ఆ వెనక రేకు మామూలువాళ్ళ కంటే ఎక్కువ అవసరం. నిలబడేది బ్లేడు గీతకి ఎదురుగా కాదు, ఒక అడుగు ఎడమకి. ఏ చెక్కనీ ఫెన్సు గానీ మైటర్ గేజ్ (చెక్కని అడ్డంగా పట్టి నెట్టే జారుడు గైడు) గానీ లేకుండా ఉత్త చేతులతో నెట్టకూడదు, అలాగని అడ్డంగా కోసేటప్పుడు ఆ రెండూ ఒకేసారి వాడకూడదు, తెగిన ముక్క ఫెన్సుకీ బ్లేడుకీ మధ్య అడ్డం తిరిగి ఎగురుతుంది. అవతల పట్టుకునే మనిషి ఉంటే చెక్కని మొయ్యడమే గానీ లాగకూడదని ముందే చెప్పండి.

మైటర్ వైపు అయితే బ్లేడు పూర్తి వేగం అందుకున్నాక దించండి, కోశాక ట్రిగ్గర్ వదిలి బ్లేడు ఆగేదాకా కిందే పట్టుకుని ఉండండి, ఆ తర్వాతే పైకి. తిరుగుతుండగా లేపితే చిన్న ముక్కలు ఎగిరిపడతాయి. ఫ్రేము మూలలకి 45 డిగ్రీల చిన్న ముక్కలు కావాలంటే పొడవాటి బీడింగు నుంచే కోసుకోండి, జానెడు ముక్కని చేత్తో పట్టుకుని కోయడం తప్పు, క్లాంపు వేయండి. ఎడమ చేతిని కుడి వైపుకి అడ్డంగా వేసి పట్టుకోవడం ఎప్పుడూ వద్దు.

పొట్టు సంగతి కూడా తేలిగ్గా తీసుకోకండి. క్యాన్సర్ మీద పరిశోధించే ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ సంస్థ 1995లోనే చెక్క పొట్టుని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే మొదటి వర్గంలో పెట్టింది, ముక్కు లోపల వచ్చే క్యాన్సర్ అది. ఎన్95 మాస్కు, చెవులకి ప్లగ్గులు, వ్యాక్యూమ్ పెట్టుకోండి.

సైటు_కార్పెంటర్_మియాపూర్
సోమవారం రాత్రి 8:40

అక్కా నువ్వు చెప్పినట్టు పట్టీ బయట పడేటట్టు కోసి చూసిన ఇయ్యాల. గార్డు మా దగ్గర లేదు గని రేకు మూలకు పడి ఉంటె వెతికి పెట్టిన. నలభై పట్టీలు తీసిన, ఒక్కటి కూడ కాలలే, అంచుకు నల్ల మచ్చ రాలే, ముందుగాల ప్రతి నాలుగైదు పట్టీలకు ఒకటి కాలుతుండె. బ్లేడు మొద్దువోయింది అనుకుంటున్న ఇన్ని రోజులు, చెక్క మూసుకుని రాసుకుంటున్నదన్నట్టు. గార్డు కోసం మా మేస్త్రిని అడిగిన, తెప్పిస్త అన్నడు.

టేకుపట్టీ
సోమవారం రాత్రి 9:15

అన్నా చాలా సంతోషంగా ఉంది ఇది చదివి. గార్డు వచ్చేదాకా నెట్టే కట్టెలు రెండు పెట్టుకో, ఒకటి ముందుకి నెట్టడానికి, ఒకటి ఫెన్సుకి అదిమి పట్టడానికి. 12 ఎంఎం ప్లై ముక్కతో చేసుకోవచ్చు, కట్టె మడమ దగ్గర, అంటే చెక్కని వెనక నుంచి నెట్టే కొసన, చెక్క మందంలో సగం గాడి కొట్టు చాలు. అది తెగినా ప్లై ముక్కే తెగుతుంది.

నేరేడ్‌మెట్_షెడ్డు
పంతొమ్మిది రోజుల తర్వాత, శనివారం సాయంత్రం 6:30

అందరికీ అప్‌డేట్. రేకు, పైన గార్డు, కింద కవరు మూడూ సర్వీస్ సెంటర్ ద్వారా వచ్చాయి, రెండు వారాలు పట్టింది. 16 ఆంప్స్ సాకెట్, ఆర్‌సీసీబీ పెట్టించా. బాలానగర్ గారు చెప్పిన స్విచ్ టెస్ట్ చేశా, కరెంటు తిరిగొచ్చినా మెషిన్ తిరగలేదు. రేకు 2.1 ఎంఎం, బ్లేడు ప్లేటు 1.8, కోత 2.6, మూడూ వెర్నియర్‌తో కొలిచా సార్.

తలుపుల్లో అయస్కాంతానికి పదకొండు మొలలు దొరికాయి, అందులో నాలుగు పైనుంచి అస్సలు కనపడట్లేదు. మూలమట్టం సార్ అన్నట్టే రెండో పలక చీలుస్తుంటే సగంలో చెక్క మూసుకోవడం మొదలైంది, సందు తగ్గి రేకుని పట్టేసింది, నెట్టడం బరువైంది అంతే, ఎగరలేదు. రేకు లేకపోతే ఆ క్షణంలో ఏమయ్యేదో తెలుసు కాబట్టి చెక్కని కదపకుండా పట్టుకునే ఎరుపు బటన్ నొక్కి, బ్లేడు ఆగాక చెక్క తీసి, బయట ఐదు నిమిషాలు కూర్చున్నా. తర్వాత సందు మూసుకోకుండా అందులో చిన్న చెక్క ముక్క ఇరికించి మిగతాది కోశా. ఇప్పటికి ఆరు పలకలు అయ్యాయి.

బోయిగూడ_టింబర్
శనివారం రాత్రి 7:10

శభాష్ తమ్మీ. నెట్టే కట్టె చేసినవా? ఏడ పెట్టినవ్? గోడకు మాత్రం పెట్టకు.

నేరేడ్‌మెట్_షెడ్డు
శనివారం రాత్రి 7:25

మెషిన్ స్టాండు కుడి కాలికి మేకు కొట్టి తగిలించా అన్నా, ఎరుపు బటన్ పక్కనే. చెయ్యి చాపితే అందుతుంది, అడుగు తీసి అడుగు వేయక్కర్లేదు.